ఎండు దగ్గు కాలానికి పియర్ లేహ్యం, ఏడు మూలికల కషాయం: బీజింగ్ వంటింటి ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు రెండో వారం

చైనా పంచాంగంలో బాయ్‌లూ అనే తెల్లమంచు ఘడియ ఏటా సెప్టెంబరు 7 లేదా 8వ తేదీన వస్తుంది. ఆ రోజు దాటగానే బీజింగ్ గాలిలో తేమ పలచబడుతుంది, పెదవులు పగులుతాయి, తెల్లవారుజామున గొంతు గరగరలాడి కళ్లె పడని దగ్గు మొదలవుతుంది. చైనా సంప్రదాయ వైద్యం పంచభూతాల లెక్కలో ఊపిరితిత్తులను లోహంతోనూ, శరదృతువుతోనూ, తెల్లని రంగుతోనూ జతచేసి, పొడిదనం మొదట దెబ్బతీసేది ఊపిరితిత్తులనేనని చెబుతుంది. ఈ నెలలో ఇక్కడి మార్కెట్లలో పియర్ పండ్లు, తెల్ల లిల్లీ దుంపల రేకులు, తెల్లని ఇన్‌అర్ పుట్టగొడుగులు ముందు వరుసలోకి రావడానికి కారణం ఇదే.

ఫార్మసీ చదివి, ఇక్కడ మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేస్తున్న నేను ఈ శరత్కాలంలో రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, బీజింగ్ వాసులు తరతరాలుగా చేసుకునే చియూలీగావ్ అనే పియర్ లేహ్యాన్ని మా వంటింట్లో తయారుచేసి, ఏ వస్తువు ఎంత పడుతోందో, దానివల్ల ఏమవుతోందో రాసిపెట్టడం. రెండు, ఏటా నన్ను పట్టుకునే ఎండు దగ్గుకు ఇక్కడి వైద్యురాలు రాసే కషాయాన్ని పద్ధతి ప్రకారం కాచి తాగడం. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, అందులో దోషం లేదని తేలిన తరువాతే రెండోదానికి ఒప్పుకున్నాను. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలన్నది మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలందరూ చెప్పే మాట. జ్వరం, కళ్లెలో రక్తం, బరువు తగ్గడం, ఆయాసం వంటివి ఉన్నవారు లేహ్యాల జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

వస్తువులను ఎంచుకోవడానికి నాకు ఆధారం చైనా ప్రభుత్వమే ప్రకటించిన జాబితా. ఆహారంగానూ మందుగానూ వాడదగిన 87 వస్తువుల జాబితాను 2002లో విడుదల చేశారు. లిల్లీ దుంప, అతిమధురం, మల్బరీ ఆకు, యూజూ వేరు, తెల్ల చిక్కుడు గింజలు, లోహాన్‌గువో పండు అందులో ఉన్నాయి. మైదోంగ్ దుంపను 2024లో చేర్చారు. ఈ జాబితాలో ఉన్నవాటిని వంటింటి కొలతల్లో సొంతంగా వాడుకుంటాను. లేనివాటిని, పియర్ లేహ్యంలో పడే చ్వాన్‌బెయ్ అనే దుంప ఒక్కటి మినహా, వైద్యురాలి చీటీ ఉంటే తప్ప పొయ్యి మీద పెట్టను. ప్రాజెక్టు మొత్తానికీ ఇదొక్కటే నియమం.

సెప్టెంబరు చివరి వారం

మూలికలు కొనడానికి ఛ్యెన్‌మెన్ దగ్గరి దాషీలాన్ వీధికి వెళ్లాను. 1669లో మొదలైన తోంగ్‌రెన్‌తాంగ్ మందుల సంస్థ పాత దుకాణం ఈ వీధిలోనే ఉంది. గోడ పొడవునా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగులో రెండు మూడు అరలు, ముందు చీటీ చదివి చిన్న త్రాసుతో తూచి కాగితంలో పొట్లాలు కట్టే పనివాళ్లు. మన ఆయుర్వేద మూలికల కొట్లలో చూసే దృశ్యమే అయినా, ఒకరు తూచిన దాన్ని మరొకరు చీటీతో సరిచూసి సంతకం పెట్టడం నాకు నచ్చింది.

ఎక్కువ సమయం పట్టింది చ్వాన్‌బెయ్ దగ్గర. ఇది సిచువాన్, టిబెట్, చింగ్‌హాయ్ ఎత్తైన పర్వతాల్లో పెరిగే ఫ్రిటిలేరియా జాతి మొక్కల బుల్లి దుంప. ఎండు దగ్గుకు చైనా ఇళ్లలో మొదట తలచుకునే మూలిక. చేతికి వచ్చిన గింజలు శనగ గింజ కంటే చిన్నవి, పాలతెలుపు, వేళ్ల మధ్య రుద్దితే పొడి అంటుకుంటుంది. మేలురకానికి ఒక గుర్తు ఉంది. దుంపకు రెండు పొరలుంటాయి. పెద్ద పొర చిన్నదాన్ని దాదాపు పూర్తిగా చుట్టుకోగా, బయటికి కనిపించే కొద్ది భాగం నెలవంకలా ఉంటుంది. ఒడిలో చంద్రుణ్ణి పెట్టుకున్నట్టు ఉందని ఇక్కడివారు అంటారు. అడుగు చదునుగా ఉండి గింజ బల్ల మీద నిలబడాలి. ఈ రెండు గుర్తులూ చూడటానికి నేను భూతద్దం తీసుకెళ్లడం దుకాణంలోని పెద్దాయనకు వింతగా అనిపించినా, విసుక్కోకుండా పక్క సొరుగులోంచి ఈశాన్య చైనాలో పండించే పింగ్‌బెయ్ తీసి పక్కన పోసి తేడా చూపించాడు. పింగ్‌బెయ్ చదునుగా, గుండీలా ఉంటుంది, దాని రెండు పొరలూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. ధర చాలా తక్కువ కాబట్టి కల్తీకి అదే ఎక్కువగా వాడతారు, పొడి చేశాక కంటితో కనిపెట్టడం అసాధ్యం. అందువల్ల పొడి కొనకుండా గింజలే కొని ఇంట్లో కల్వంలో నూరుకోవాలని నిర్ణయించాను. అడవి ఫ్రిటిలేరియా జాతులన్నిటినీ 2021లో చైనా రక్షిత మొక్కల జాబితాలో చేర్చింది కాబట్టి, సాగుచేసిన సరుకేనా అని అడగడం కూడా కొనేవారి బాధ్యతే.

రెండో పరీక్ష గంధకం వాసన. తెల్లగా, నిల్వ ఉండేలా కనిపించాలని లిల్లీ రేకులు, ఇన్‌అర్, త్యెన్‌హ్వాఫెన్ అనే వేరు వంటివాటికి గంధకపు పొగ పట్టడం పాత అలవాటు. చైనా ఔషధ ప్రమాణ గ్రంథం సల్ఫర్ డయాక్సైడ్ అవశేషాన్ని సాధారణంగా కిలోకు 150 మిల్లీగ్రాములకు, త్యెన్‌హ్వాఫెన్‌తో సహా పది మూలికలకు 400 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. ఇంట్లో కొలవలేం, మూత పెట్టిన సీసాలో కాసిన్ని రేకులు వేసి, వేడినీళ్లు చల్లి, కాసేపటికి మూత తీసి వాసన చూడటమే నేను చేసింది. ముక్కు చురుక్కుమనిపించిన పొట్లాన్ని పక్కన పెట్టి, కొంచెం పసుపుగా, గీతలతో, అందవికారంగా ఉన్న లిల్లీ రేకులనే వాడాను.

అక్టోబరు రెండో వారం: పియర్ లేహ్యం

హెబెయ్ రాష్ట్రం నుంచి వచ్చిన యాలీ రకం పియర్ పండ్లు 3 కిలోలు, పటికబెల్లం 300 గ్రాములు, చైనా ఎర్ర రేగుపండ్లు 100 గ్రాములు, అల్లం 30 గ్రాములు, చ్వాన్‌బెయ్ పొడి 10 గ్రాములు, తేనె 150 గ్రాములు. మా మెట్లమీది పొరుగావిడ, మేము ఆయి అని పిలిచే పెద్దావిడ, ఈ కొలతలు చెప్పి, చివర్లో ఒక మాట అంది: "తొక్క తీసేస్తే పండు సగం పారేసినట్టే." అందుకని పండ్లను ఉప్పునీళ్లలో కడిగి, మధ్య గింజలున్న భాగం మాత్రమే తీసి, తొక్కతోనే తురిమాను. తురుము కాసేపటికే గోధుమరంగులోకి తిరుగుతుంది. చివరికి వచ్చే లేహ్యం ముదురు గోధుమరంగే కాబట్టి నిమ్మరసం పిండి ఆపనక్కరలేదు.

తురుమును, దానిలో ఊరిన రసాన్ని, గింజ తీసి చీల్చిన రేగుపండ్లను, అల్లం చక్రాలను అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో వేసి, నీళ్లు కలపకుండా సన్నని సెగ మీద అరగంట ఉడికించాను. పియర్‌లో నీరు ఎంత ఉంటుందంటే, ఉడికేసరికి గిన్నెలో గరిటె మునిగిపోతుంది. దించి, చేయి పెట్టగలిగే వేడికి వచ్చాక, ఉతికి ఆరబెట్టిన మల్లుగుడ్డలో మూటకట్టి పిండాను. పిండటం చేతుల పని. చివరి గుక్కెడు రసం కోసం మెలిపెట్టాల్సిందే, ఎందుకంటే పెక్టిన్ ఎక్కువగా ఉన్న చిక్కటి రసం చివర్లోనే దిగుతుంది.

ఆ రసానికి పటికబెల్లం కలిపి మళ్లీ పొయ్యి మీద పెట్టాక, పైకి తేలే నురుగును చిల్లుల గరిటెతో తీసివేస్తూ ఉండాలి. మొదటి గంటలో పెద్ద మార్పేమీ కనిపించదు. నీరు సగానికి పైగా ఇగిరాక బుడగలు చిన్నవై, దగ్గరదగ్గరగా, చప్పుడు మారి వస్తాయి. అక్కడి నుంచి పొయ్యి వదిలి కదలకూడదు. పాకం గుర్తులు తెలిసిన మనవాళ్లకు ఇక్కడ కొత్తగా నేర్చుకునేది తక్కువ. చైనా లేహ్యాల తయారీదార్లు చెక్క గరిటెను పైకెత్తి, దాని అంచు నుంచి పాకం చుక్కచుక్కగా కాక పలుచటి రేకులా, జెండాలా వేలాడితే సరైన పదును వచ్చిందంటారు. చల్లని నీటిలో చుక్క వేస్తే కరగకుండా ముత్యంలా నిలవాలన్నది రెండో గుర్తు. మన లెక్కలో అది లేత తీగపాకానికి కాస్త అటుగా ఉంటుంది. ఆ పదునుకు కొంచెం ముందే చ్వాన్‌బెయ్ పొడిని రెండు గరిటెల పాకంలో ఉండలు లేకుండా కలిపి గిన్నెలో పోసి, పది నిమిషాలు ఉడకనిచ్చి దించాను. గిన్నె గోరువెచ్చగా మారాక తేనె కలిపాను. మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో నింపి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టాను. వచ్చినది తేనెతో కలిపి దాదాపు 900 గ్రాములు.

ఇక లెక్క. పియర్ రసంలోని సహజ చక్కెర, పటికబెల్లం, తేనె కలిపితే ఈ లేహ్యంలో ముప్పాతిక వంతు చక్కెరే. గోరువెచ్చని నీళ్లలో కలుపుకునే ఒక పెద్ద చెంచా, అంటే 20 గ్రాముల లేహ్యంలో సుమారు 15 గ్రాముల చక్కెర వెళుతుంది. అదే చెంచాలో చ్వాన్‌బెయ్ ఎంత? 10 గ్రాములను 900 గ్రాములకు పంచితే చెంచాకు 0.22 గ్రాము. ఔషధ ప్రమాణ గ్రంథం పొడిగా ఒక మోతాదుకు చెప్పేది 1 నుంచి 2 గ్రాములు. అంటే పొట్లం మీద పేరు పెద్దదైనా, ఖరీదులో సగానికి పైగా దానిదే అయినా, చెంచాలో ఉన్నది కనీస మోతాదులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. గొంతుకు హాయినిచ్చేది ప్రధానంగా వేడినీళ్లు, తేనె, చిక్కటి పండురసం. నాకు ఇందులో నిరాశ ఏమీ లేదు. అయితే తరువాతి విడతలో చ్వాన్‌బెయ్ వేయకుండా చేసి, ఆ డబ్బుతో మంచి తేనె కొంటాను. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె కలిసిన ఏ పదార్థమూ పెట్టకూడదు, మధుమేహం ఉన్నవారికి ఇది నప్పదు. ఈ రెండు వాక్యాలూ సీసా చీటీ మీద కూడా రాశాను.

అక్టోబరు చివర: కషాయం

మంచు కురిసే ఘడియ అయిన ష్వాంగ్‌జియాంగ్ నాటికి నా దగ్గు మొదలైంది. వైద్యురాలు రెండు మణికట్ల మీద మూడేసి వేళ్లు ఆన్చి నాడి చూసి, నాలుక చాపమని, దాని మీద పూత పలచగా, నీరు లేకుండా ఉందని రాసుకుంది. కళ్లె పడుతోందా, రాత్రి దాహం వేస్తోందా, వాడుతున్న ఇతర మందులేవి, బీపీ ఎంత అని అడిగింది. రాసింది షాషెన్ మైదోంగ్ కషాయానికి చిన్న మార్పులతో ఒక చీటీ.

ఈ కషాయం వూ జూతోంగ్ అనే చింగ్ కాలపు వైద్యుడిది. జ్వర రోగాల మీద అతను 1798లో పూర్తిచేసిన గ్రంథంలో దీని కొలతలు ఉన్నాయి: షాషెన్ అనే వేరు 3 చ్యెన్‌లు, మైదోంగ్ 3, యూజూ 2, మల్బరీ ఆకు, తెల్ల చిక్కుడు గింజలు, త్యెన్‌హ్వాఫెన్ ఒక్కొక్కటి ఒకటిన్నర, అతిమధురం 1. అయిదు గిన్నెల నీళ్లను రెండు గిన్నెలకు ఇగిర్చి, రోజుకు రెండుసార్లు తాగమన్నాడు. నేటి వైద్యులు చ్యెన్‌ను 3 గ్రాములుగా లెక్కిస్తారు.

పొట్లాలు విప్పి బల్ల మీద పరిస్తే ఏడింటిలో నాలుగు మనకు ఎరిగినవే, లేదా వాటి దాయాదులు. చిక్కుడు గింజలు మన పందిరి చిక్కుడు జాతివే, తెల్ల రకం. త్యెన్‌హ్వాఫెన్ పొట్ల తీగ జాతికి చెందిన మరో మొక్క వేరు, చక్రాలుగా కోసి ఎండబెట్టినది. విరిస్తే పిండి రాలుతుంది. దీన్ని గర్భిణులకు ఇవ్వకూడదు, నేను వంటింటి జాబితా నుంచి మినహాయించిన వస్తువూ ఇదే. మల్బరీ ఆకు హిందూపురం పట్టు రైతులు పురుగులకు మేపే ఆకే కానీ, వైద్యులు ఇక్కడ అడిగేది మంచు పడ్డాక కోసిన ఆకు. పచ్చదనం పోయి ముట్టుకుంటే చిట్లుతుంది. అతిమధురం ఇక్కడ ఎక్కువగా యురాలెన్సిస్ జాతిది, మన కొట్లలో దొరికేది గ్లాబ్రా. రెండిట్లోనూ గ్లిసిరైజిన్ ఉంది. అది ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో లోపలికి వెళితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. వైద్యురాలు బీపీ అడిగింది అందుకే.

కాచడానికి లోపల పూత లేని మట్టికుండ వాడాను. ఇనుము, అల్యూమినియం పాత్రలు వద్దంటారు. మూలికలను కడిగి, రెండు వేళ్ల ఎత్తు మునిగేలా చన్నీళ్లు పోసి అరగంట నానబెట్టాను. మైదోంగ్ దుంపలు నానాక ఉబ్బి, గాజులా మెరుస్తూ, నొక్కితే జిగురుగా జారతాయి. ఈ కషాయం గొంతుకు పూతలా అనిపించడానికి కారణం ఈ జిగురే అనుకుంటాను. పెద్ద మంట మీద ఒక పొంగు రానిచ్చి, సెగ తగ్గించి అరగంట కాచి వడగట్టి, అవే మూలికలకు తక్కువ నీళ్లు పోసి రెండోసారి కాచి, రెంటినీ కలిపి ఉదయం సగం, సాయంత్రం సగం తాగాను. రుచి చేదు కాదు; చప్పగా, కాస్త తియ్యగా, చిక్కుడు గింజలు ఉడికిన నీళ్ల వాసనతో ఉంటుంది. కషాయమంటే ముక్కు మూసుకుని తాగాలనుకునేవారికి ఇది ఆశ్చర్యం.

దగ్గు ఇంకా ఉంటే లోకాట్ ఆకు కలుపుకోమని ఆమె చెప్పింది. దాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆకు అడుగున గోధుమరంగు నూగు దట్టంగా ఉంటుంది. ఆ వెంట్రుకలు కషాయంలో కలిస్తే తాగినవారి గొంతుకు గుచ్చుకుని, దగ్గు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఆకును తడిపి, పాత టూత్‌బ్రష్‌తో ఈనె వెంబడి కింది నుంచి పైకి తోమి, కడిగి, అప్పటికీ నమ్మకం లేక పలుచటి గుడ్డ సంచిలో కట్టి కుండలో వేశాను.

నవంబరు మొదటి వారం: కొనకుండా వదిలేసినవి

ఊపిరితిత్తుల మూలికల్లో కొన్ని ఈ ప్రాజెక్టులోకి రాలేదు. చేదు ఆప్రికాట్ పప్పు వాటిలో ఒకటి. జాబితాలో పేరున్నా, దానిలోని అమిగ్డలిన్ నుంచి సైనైడ్ విడుదలవుతుంది కాబట్టి దీనికి మాత్రం నా నియమం చాలదు. మరిగే నీటిలో ముంచి తొక్క తీసే పద్ధతి, విషం విడుదలకు తోడ్పడే ఎంజైమును చంపడానికే పుట్టింది. తియ్య రకం పప్పుతో పాయసం చేసుకుంటే చాలు. మాహ్వాంగ్ మరొకటి. దీనిలోని ఎఫెడ్రిన్‌ను జపాను రసాయనవేత్త నాగాయ్ 1885లో వేరుచేశాడు. 1924లో చెన్, ష్మిట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇదే బీజింగ్‌లోని యూనియన్ వైద్య కళాశాలలో చేసిన పరిశోధన దాన్ని ప్రపంచ ఉబ్బస వైద్యంలోకి తెచ్చింది. గుండె వేగాన్ని, బీపీని పెంచే అసలైన మందు అది; వంటింట్లో దానికి చోటు లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది మాదోలింగ్ గురించి. వందల ఏళ్లు దగ్గు మందుగా వాడిన ఈ అరిస్టొలోకియా కాయలోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రమార్గంలో క్యాన్సర్ కలిగిస్తుంది. బెల్జియంలో బరువు తగ్గే మాత్రల్లో ఈ జాతి మూలిక కలిసి స్త్రీల మూత్రపిండాలు చెడిపోయిన ఉదంతం 1993లో వైద్య పత్రికలకెక్కింది. చైనా తన ఔషధ ప్రమాణ గ్రంథం 2020 సంచిక నుంచి మాదోలింగ్‌ను తొలగించింది. మన పల్లెల్లో పాముకాటుకని వాడే ఈశ్వరి వేరు కూడా ఈ జాతిదే. ఎన్నో తరాలు వాడారన్న మాటను ఒక మందు భద్రతకు సాక్ష్యంగా ఎవరైనా చూపినప్పుడు నేను ఈ కాయనే ఉదాహరణగా చెబుతాను; మూత్రపిండాల దెబ్బ ఏళ్ల తరువాత బయటపడుతుంది, తాగినవారు దగ్గు తగ్గిందనే గుర్తుపెట్టుకుంటారు.

నవంబరు మూడో వారం

బీజింగ్‌లో ఇళ్లకు కేంద్రీకృత వేడి సరఫరా నవంబరు 15న మొదలవుతుంది. మర్నాటికే పడకగదిలో తేమ సగానికి సగం పడిపోయినట్టు తేమమాపకం చూపించింది. గదిలో తేమయంత్రం పెట్టాం, రేడియేటర్ల మీద తడి తువ్వాళ్లు ఆరేశాం. నా దగ్గు ఇప్పుడు రాత్రిళ్లు లేపడం లేదు. కషాయం వల్లనా, తేమ వల్లనా, దానంతట అదే తగ్గే సమయం వచ్చినందువల్లనా అని అడిగితే, ఒకేసారి మూడూ జరిగిన చోట ఒకదానికి మెప్పు ఇవ్వడం నా వృత్తికి తగదు. గొంతు తడిగా ఉండటం, మాట్లాడుతుంటే దగ్గు రాకపోవడం మాత్రం కషాయం తాగిన గంటలోనే తెలిసేది. ఆ మేరకు రాసుకుంటున్నాను.

పొగమంచు రోజుల్లో దుకాణాల ముందు "ఊపిరితిత్తులను శుభ్రం చేసే టీ" అని బోర్డులు కనిపిస్తాయి. బీజింగ్ గాలిలో సూక్ష్మధూళి వార్షిక సగటు 2013లో ఘనపు మీటరుకు 89.5 మైక్రోగ్రాములుండగా 2021కి 33కు దిగింది. దించింది బొగ్గు పొయ్యిల మార్పు, కర్మాగారాల మీద ఆంక్షలు, వాహనాల నియమాలు. వాయుకోశాల్లోకి చేరిన ధూళిని గొంతు దాటి జీర్ణాశయంలోకి వెళ్లే టీ ఎలా కడుగుతుందో ఏ బోర్డూ చెప్పదు. అలాంటి రోజున మాస్కు పెట్టుకుని, కిటికీలు మూసి, గాలి శుద్ధి యంత్రం నడపడమే పని.

గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఆ లేహ్యం నాకూ ఒక సీసా పంపు నాన్నా, పొద్దున్నే దగ్గు ఊపిరాడనివ్వడం లేదు," అంది. "అమ్మా, నీకు కళ్లె పడుతోందిగా, పైగా షుగరు కూడా. ఇది కళ్లె లేని ఎండు దగ్గుకు, చలిదేశపు పొడిగాలికి చేసుకునేది. ముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్లి ఛాతీ పరీక్ష, కళ్లె పరీక్ష చేయించుకో," అన్నాను. ఇక్కడి వైద్యురాలు కూడా ఇదే చెబుతుంది: తేమను పెంచే మైదోంగ్, యూజూ వంటి మూలికలు కళ్లె దగ్గు ఉన్నవారికి బరువుచేస్తాయి. కళ్లె కరిగించడానికి మన ఊళ్లలో వాడే అడ్డసరం వేరే మార్గానిది. దాని ఆకులోని వాసిసిన్ నుంచి తీర్చిదిద్దినదే నేటి దగ్గు సిరప్‌లలోని బ్రోమ్‌హెక్సిన్. తమ్ముడు వచ్చే వారం అమ్మను పరీక్షలకు తీసుకెళతానన్నాడు.

తరువాతి విడత డిసెంబరులో. పియర్ 1 కిలో, పటికబెల్లం పూర్తిగా తీసేసి దాని బదులు తియ్యగా ఉండే లోహాన్‌గువో కాయ ఒకటి పగలగొట్టి వేసి, చ్వాన్‌బెయ్ లేకుండా, లిల్లీ రేకులు 30 గ్రాములు మెత్తగా ఉడికించి కలిపి చేస్తాను. చక్కెర తగ్గితే నిల్వ గుణం తగ్గుతుంది కనుక చిన్న సీసాల్లో పోసి, వారంలోపు వాడేలా. లేత తీగపాకం గుర్తు ఈ కొత్త కొలతల్లో వర్తించదు. పదును ఎక్కడ నిలపాలో గరిటె అంచు చూసి, తూకం వేసి రాస్తాను.